గన్నవరానికి ఒక డకోటా తెండి, కానీ ముందు దానికి కప్పు వేయండి

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి,

విజయవాడ నుంచి ఒక పౌరుడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను, సరకులను, క్షతగాత్రులను మోసిన డకోటా రవాణా విమానం ఒకదాన్ని మీ శాఖ సంపాదించి, గన్నవరం పరిసరాల్లో ప్రజలు చూసేందుకు వీలుగా భద్రపరచాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. అది ఎగరగల స్థితిలో ఉండనక్కరలేదు. అయితే ఈ కోరికకు రెండు షరతులు జోడిస్తున్నాను. విమానం రాకముందే దానికి శాశ్వతమైన కప్పు సిద్ధం కావాలి. విమానంతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిపే కాగితాలు కూడా రావాలి. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా అసలు తేకుండా ఉండడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. కోరిక చిన్నది, షరతులు పెద్దవి కావడం వింతగా కనిపించవచ్చు గాని, బహిరంగ ప్రదేశాల్లో దిమ్మెల మీద నిలబెట్టిన పాత యుద్ధ సామగ్రి కొన్నేళ్లకు ఏమవుతుందో చూసినవారికి ఇందులో వింతేమీ ఉండదు.

ముందు ఆ విమానం గురించి కొద్దిగా చెప్పాలి. డగ్లస్ కంపెనీ తయారుచేసిన డీసీ-3 ప్రయాణికుల విమానం 1935 డిసెంబర్ 17న తొలిసారి గాలిలోకి లేచింది. యుద్ధం ముంచుకొచ్చాక దాని లోపలి నేలను గట్టిపరిచి, ఎడమ పక్కన వెనుక భాగంలో జీపును సైతం ఎక్కించేంత వెడల్పైన జంట తలుపులు పెట్టి సైన్యం కోసం మలిచిన రూపాన్ని అమెరికావారు సీ-47 అన్నారు, బ్రిటిష్‌వారు డకోటా అన్నారు. మన దేశంలో ఈ రెండో పేరే నిలిచిపోయింది. సైన్యం కోసం తయారైనవే పదివేలకు పైగా ఉన్నాయి. రెక్క కొస నుంచి రెక్క కొసకు 29 మీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 19 మీటర్ల పైచిలుకు, ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గల ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు రెండు. 28 మంది సైనికులనో, సుమారు 2,700 కిలోల సరకునో మోయగలదు. వేగంలో అది గొప్పది కాదు, ఆయుధమన్నది అసలే లేదు. ఏ గడ్డి మైదానంలోనైనా, ఏ మట్టి రన్‌వే మీదైనా దిగి, మళ్లీ లేవగలగడమే దాని గొప్ప. జపాన్ యుద్ధానికి ముందే లైసెన్సు కొనుక్కుని ఇదే నమూనాను సొంత కర్మాగారాల్లో తయారుచేసుకుంది; సోవియట్ యూనియన్ లీ-2 అనే పేరుతో తయారుచేసుకుంది. కనుక ఆ యుద్ధంలో ఇరుపక్షాల సరకునూ మోసిన విమానం ఇది.

ఇలాంటి విమానం విజయవాడకు ఎందుకన్నది మీరు తప్పక అడగవలసిన ప్రశ్న. విశాఖపట్నం సముద్రతీరంలో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి, 2017 నుంచి టీయూ-142 విమానం ప్రదర్శనశాలలుగా ఉన్నాయి. తూర్పు నౌకాదళం కొలువున్న ఊరు కనుక అక్కడ అవి ఉండడానికి కారణం వెతకనక్కరలేదు. విజయవాడకు అటువంటి సైనిక చరిత్ర లేదని చాలామంది అనుకుంటారు. కానీ ఇవాళ మనం హైదరాబాద్‌కో ఢిల్లీకో విమానమెక్కే గన్నవరం విమానాశ్రయం పుట్టింది పౌరుల ప్రయాణాల కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక స్థావరంగా పనిచేసి, ఆ తర్వాతే పౌర విమానాశ్రయంగా మారిన నేల అది. 2017లో అంతర్జాతీయ హోదా పొందిన ఆ ప్రాంగణంలో గాని, ఆ పరిసరాల్లో గాని ఈ సంగతిని సామాన్య ప్రయాణికుడికి వివరంగా చెప్పే ప్రదర్శన ఒకటి ఉండడం న్యాయం.

1942 నాటి కోస్తాను ఒకసారి తలచుకోవాలి. ఆ ఏడాది మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లలో పెద్దలు "బాంబుల ఏడు" అంటూ చెప్పిన కబుర్లన్నీ ఆ కొద్ది నెలలవే. అయితే మనవాళ్లకు యుద్ధం ఏప్రిల్‌లో మొదలవలేదు. అంతకు మూడున్నర నెలల ముందే, 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద పడిన తొలి బాంబులతోనే అది తెలుగు కుటుంబాలను తాకింది.

ఈ విషయం దగ్గర కొంచెం నిలవనివ్వండి, ఎందుకంటే నా విన్నపానికి అసలు ఆధారం ఇదే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షల పైచిలుకు భారతీయులుండేవారు. వారిలో లక్షకు పైగా తెలుగువారు. రంగం అని మనవాళ్లు పిలిచిన రంగూన్ రేవులో ఓడల నుంచి బస్తాలు దించినవారు, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు, నగరాన్ని శుభ్రం చేసినవారు వారిలో ఎందరో ఉన్నారు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచే ఎక్కువమంది వెళ్లినా కోస్తా అంతటా రంగం పోయిన బంధువు ఒకరైనా లేని ఊరు అరుదు. బాంబులు పడ్డాక రేవు కూలీలు నగరం విడిచారు; ఓడలు దొరికినన్నాళ్లు ఓడల మీద, ఆ తర్వాత కాలినడకన. అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు ఒక దారి, టము మీదుగా ఇంఫాల్‌కు ఇంకొక దారి, ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాంకు మరొక దారి. వర్షాలు పట్టుకున్నాక ఈ చివరి దారి నరకమే అయింది. ఆకలితో, మలేరియాతో, విరేచనాలతో దారిలోనే వేలమంది చనిపోయారు. బతికి వచ్చినవారిని మనం బర్మా కాందిశీకులు అన్నాం.

అదే సమయంలో ఆకాశంలో డకోటా కుటుంబానికి చెందిన విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. బ్రిటిష్ వాయుసేన 31వ స్క్వాడ్రన్‌కు చెందిన డీసీ-2, డీసీ-3 విమానాలు బర్మాలోని విమానాశ్రయాల నుంచి, చివరికి మిట్కినా నుంచి, గాయపడినవారిని, శరణార్థులను భారతదేశానికి తీసుకొచ్చాయి. మే నెల మొదటి వారంలో జపాన్ దాడితో మిట్కినా దారి కూడా మూసుకుపోయింది. పైలట్లు చేసింది సాహసం కాదని ఎవరూ అనలేరు. కానీ ఆ విమానాల్లో రేవు కూలీకి చోటు దొరికే అవకాశం దాదాపు లేదు. తరలింపులో యూరోపియన్లకొక న్యాయం, భారతీయులకొక న్యాయం జరుగుతున్నదని ఆనాడే మన జాతీయ నాయకులు గట్టిగా విమర్శించారు. అందువల్ల మనం తెచ్చుకునే డకోటా మన తాతలను కాపాడిన విమానమని బోర్డు మీద రాస్తే అది అబద్ధమవుతుంది. వారు తలెత్తి చూసిన విమానం అది, ఎక్కిన విమానం కాదు. ఈ మాట స్పష్టంగా రాయగల ధైర్యం ఉన్న ప్రదర్శనశాలకే ఆ విమానాన్ని చూపించే అర్హత ఉంటుందని నేను భావిస్తున్నాను.

రెండేళ్లు గడిచేసరికి అదే విమానం మరో పని చేసింది. 1944 ఫిబ్రవరిలో అరకాన్‌లో జపాన్ సేనలు చుట్టుముట్టిన దళాలు వెనక్కి తగ్గకుండా నిలబడగలిగాయంటే, వారికి తిండి, మందుగుండు, మందులు ఆకాశం నుంచి అందడమే కారణం. మార్చిలో అయిదో భారత డివిజన్‌ను తుపాకులతో, కంచర గాడిదలతో సహా అరకాన్ నుంచి ఇంఫాల్ రంగానికి విమానాల్లో చేర్చారు. ఆ తర్వాత జూన్ దాకా ఇంఫాల్‌కు రోడ్డు దారి తెగిపోయినా సైన్యం పస్తులతో లొంగిపోలేదు. తెలుగు యువకులు కూడా ఉన్న మద్రాస్ శాపర్లు, అంటే సైనిక ఇంజనీర్ల దళం, అదే బర్మా రంగంలో వంతెనలు కట్టారు, దారులు వేశారు. పారాచూట్లకు పట్టు చాలకపోతే బర్మా రంగంలో బ్రిటిష్ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ అధికారులు కలకత్తా జనపనార మిల్లుల చేత గోనె గుడ్డతో పారాచూట్లు కుట్టించారు. మనుషులను దించడానికి అవి పనికిరావు గాని బియ్యం, పప్పు దించడానికి చక్కగా పనికొచ్చాయి, ధర కూడా పట్టు పారాచూట్ ధరలో చాలా కొద్ది వంతే. ఏలూరు జనపనార మిల్లు గురించి తెలిసిన మన ప్రాంతపు పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పి, గోనె గుడ్డ పారాచూట్ నమూనా ఒకటి కుట్టించి చూపితే, యుద్ధంలో సరఫరా అంటే ఏమిటో పాఠ్యపుస్తకం చెప్పలేనంత బాగా అర్థమవుతుంది.

చైనాకు సరకు చేరవేయడానికి అస్సాం నుంచి హిమాలయ శిఖరాల మీదుగా సాగిన విమానాల వరుస గురించి చాలామంది విన్నదే కనుక విస్తరించను. యుద్ధం ముగిసేదాకా సుమారు 6.5 లక్షల టన్నులు ఆ దారిలో వెళ్లాయి, వందలాది విమానాలు కూలిపోయాయి. ఆ పనికి తర్వాత తర్వాత పెద్ద విమానాలు వచ్చినా మొదలుపెట్టింది ఈ డకోటా జాతివే.

స్వాతంత్ర్యం వచ్చాక ఇదే విమానం మనదైంది. 1947 అక్టోబర్ 27న లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ నాయకత్వంలోని మొదటి సిక్కు బెటాలియన్‌ను ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు చేర్చినవి డకోటాలే. వాటిలో పౌర విమాన కంపెనీల నుంచి తీసుకున్నవి కూడా ఉన్నాయి. 1948 మేలో ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్న లేహ్‌లో దించింది కూడా డకోటానే. 1971 డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని తంగైల్ దగ్గర పారాచూట్ దళాన్ని దించిన విమానాల్లోనూ ఇవి ఉన్నాయి. యుద్ధం మిగిల్చిన సైనిక డకోటాలతోనే మన దేశంలో పౌర విమానయానం పెరిగింది. నిజాం రాష్ట్ర రైల్వే, టాటాలు కలిసి 1945లో హైదరాబాద్‌లో నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలతోనే నడిచి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తెలుగు నేల మీద నుంచి నడిచిన ఆ విమాన సంస్థ చరిత్రకు చోటు పెట్టడానికి ఇంతకన్నా తగిన సందర్భం ఉండదు.

ఇంకొక్క కారణం చెప్పి షరతులకు వస్తాను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహార పొట్లాలు దించడం ఈ నగరం కళ్లారా చూసింది. దారులు తెగిన చోటికి ఆకాశం నుంచి అన్నం చేర్చడమనే పనిని పెద్ద ఎత్తున చేసి చూపించింది 1944 నాటి ఈ విమానాలే. బెజవాడ పాఠశాలల పిల్లలకు ఈ సంబంధం ఒకరు విడమరిచి చెప్పనవసరం లేదు. మేడల మీద నిలబడి పొట్లాల కోసం చేతులు చాచినవారిలో వారూ ఉన్నారు.

ఇక కప్పు సంగతి. డకోటా ఒంటికి వాడినది రాగి కలిసిన అల్యూమినియం మిశ్రమలోహం. అది తుప్పు పట్టకుండా పైన పలుచగా శుద్ధ అల్యూమినియం పొర ఉంటుంది. ఆ పొర గీసుకుపోయిన చోట, ఉక్కు బోల్టులు, కీళ్లు అల్యూమినియాన్ని తాకే చోట, చెమ్మ చేరితే లోహం లోపలి నుంచి పొరలుపొరలుగా ఉబ్బి, బూడిదరంగు పొడిగా రాలిపోతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పక్కటెముకల్లాంటి చట్రం మాత్రం తినుకుపోతూ ఉంటుంది. పైగా ఈ విమానం తోక నేలకు ఆనించి, ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. అందువల్ల కిటికీ సందుల నుంచి, తలుపు అంచుల నుంచి దిగిన వాన నీరంతా వెనక్కి జారి తోక అడుగున చేరుతుంది. నీరు పోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు దుమ్ముతో, ఆకులతో పూడుకుపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది. రెక్కల చివరి కదిలే భాగాలు, తోక మీది కదిలే భాగాలు లోహపు రేకు కప్పినవి కావు, గుడ్డ బిగించి పూత పూసినవి. మన మే నెల ఎండకు ఆ గుడ్డ ఎన్నాళ్లో ఆగదు. ఇంజన్ మూతల్లో, రెక్కల సందుల్లో పావురాలు కాపురం పెడతాయి. వాటి రెట్టలోని ఆమ్లం అల్యూమినియానికి విషం. గాలి ఆడని లోపలి భాగం వేసవి మధ్యాహ్నాల్లో మనుషులు అడుగు పెట్టలేనంత వేడెక్కుతుంది. ఇవేవీ నా భయాలు కావు, ఆరుబయట నిలిపిన పాత విమానాలను సంరక్షించేవారందరికీ తెలిసిన రోజువారీ కష్టాలు.

అందువల్ల కోరేది గాజు అద్దాల భవనం కాదు. విమానాన్ని పూర్తిగా కప్పే ఎత్తైన రేకుల షెడ్డు చాలు. గాలి ఆడాలి, పక్షులు రాకుండా వల ఉండాలి, నేల సిమెంటుతో ఉండి వరద మట్టానికి బాగా పైన ఉండాలి. విమానం బరువు టైర్ల మీద కాకుండా స్టాండ్ల మీద ఆనాలి. దీనికి తోడు, ప్రతి పండుగకూ ముఖ్య అతిథి వచ్చే ముందు విమానాన్ని తళతళలాడించాలనే ఉత్సాహంతో రాపిడి పాలిష్‌లు పూయించవద్దని ముందే చేతులు జోడించి వేడుకుంటున్నాను. అలా రుద్దిన ప్రతిసారీ పోయేది మురికి ఒక్కటే కాదు, తుప్పును ఆపే ఆ పలుచని పొర కూడా.

స్థలం విషయంలో బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం చాలామందికి ముందుగా తడుతుంది. 1887లో విక్టోరియా జూబిలీ సందర్భంగా శంకుస్థాపన జరిగి, పునరుద్ధరణ తర్వాత 2020 అక్టోబర్‌లో మళ్లీ తెరుచుకున్న ఆ ప్రాంగణమంటే నాకు ఎంతో గౌరవం, ఆ గౌరవం వల్లనే అక్కడ వద్దంటున్నాను. 29 మీటర్ల రెక్కలను అందులో ఇరికిస్తే పాత కట్టడం మరుగున పడుతుంది. శిల్పాల మధ్య, నాణేల మధ్య విమానం ఎటూ పొసగకుండా మిగిలిపోతుంది. గన్నవరంలో విమానాశ్రయం వెలుపల, జాతీయ రహదారికి దగ్గరగా, బడిపిల్లల బస్సులు ఆగే వీలున్న చోట స్థలం వెతకడం అన్ని విధాలా మేలు. అక్కడైతే పైన విమానాలు దిగుతుంటే కింద పాత విమానాన్ని చూడవచ్చు. విమానాశ్రయాల సంస్థతో, జిల్లా యంత్రాంగంతో మీ శాఖ సంప్రదింపులు జరిపితే ఇది అసాధ్యమేమీ కాదు. ఒడిశా ఉదాహరణ మన ముందే ఉంది. ఆ రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి, పైలట్ కూడా అయిన బిజూ పట్నాయక్ నడిపిన డకోటా కలకత్తా విమానాశ్రయంలో ఏళ్ల తరబడి పడి ఉండగా, 2023 జనవరిలో భాగాలుగా విప్పి లారీల మీద భువనేశ్వర్‌కు తీసుకొచ్చి, అక్కడి విమానాశ్రయ ప్రాంగణంలో నిలిపారు. ఆ విమానానికీ ఆ రాష్ట్రానికీ ఉన్న బంధం ప్రతి ఒక్కరికీ తెలిసిందే కనుక ఆ ప్రయత్నానికి అర్థముంది.

ఒడిశావారికి కాగితాల బెంగ లేదు. తాము తెచ్చుకునే విమానం ఎవరిదో వారికి తెలుసు. మనకు అటువంటి సౌలభ్యం లేదు కనుకనే రెండో షరతు. డకోటా అనే పేరుతో అమ్మకానికి వచ్చే ప్రతి విమానమూ యుద్ధం చూసినది కాదు. కొన్ని ప్రయాణికుల కోసమే పుట్టినవి. కొన్నింటిలో రెండు మూడు విమానాల భాగాలు కలిసి ఉంటాయి. ప్రతి సైనిక డకోటాకు కర్మాగారం వేసిన సంఖ్య ఒకటి, అమెరికా సైన్యం ఇచ్చిన సంఖ్య ఒకటి, బ్రిటిష్ వాయుసేనకు వెళితే ఇంకొకటి, పౌర విమానంగా మారితే దేశపు రిజిస్ట్రేషన్ మరొకటి ఉంటాయి. విమానం లోపలి తయారీ పలకను ఈ వరుసతో సరిపోల్చి చూస్తే దాని ప్రయాణమంతా బయటపడుతుంది. అమెరికా వాయుసేన చారిత్రక పరిశోధన సంస్థలో, లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఒక్కొక్క విమానం ఎక్కడెక్కడ తిరిగిందో తెలిపే కార్డులు భద్రంగా ఉన్నాయి. ధర మాట్లాడే ముందు ఆ కార్డులు తెప్పించుకోవాలి. వీలైతే భారత, బర్మా రంగంలో పనిచేసిన విమానాన్నే ఎంచుకోవాలి. యూరప్‌లో నార్మండీకి వెళ్లిన విమానానికి ఎంత పేరున్నా మనకు అది పరాయి చరిత్రే. అటువంటిది దొరకకపోతే ఏదో ఒకదానికి శ్రీనగర్ విమానం సంఖ్య రంగుతో రాసి, చూసేవారు పొరబడేలా చేయకూడదు. వాయుసేనకు 2018లో అందిన పరశురామ అనే డకోటా ఐర్లండ్‌లో తుక్కు కింద పోవలసినదాన్ని కొని, బ్రిటన్‌లో మరమ్మతు చేయించిన విమానం. దానికి శ్రీనగర్ వెళ్లిన డకోటా సంఖ్య వీపీ905 ఇచ్చింది ఆ పాత విమానానికి గౌరవసూచకంగానేనని అందరికీ బాహాటంగా చెప్పారు. అంత నిజాయితీ ఉంటే అభ్యంతరం లేదు.

రవాణా గురించి రెండు మాటలు. డకోటా రెక్కల బయటి భాగాలు బోల్టులు విప్పితే ఊడి వస్తాయి. మధ్య భాగం మాత్రం ఒంటితోనే కలిసి ఉండి, రెండు ఇంజన్లనూ మోస్తుంది. లారీ మీద రోడ్డుకు అడ్డంగా వచ్చేది ఆ మధ్య భాగమే. తొందరలో దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోయించాలనే ఆలోచన కాంట్రాక్టర్‌కు తప్పకుండా వస్తుంది. అలా కోసిన విమానాన్ని తర్వాత ఎంత అతికించినా అది బొమ్మే. విప్పే పని, బిగించే పని విమానాల మరమ్మతు తెలిసినవారికే అప్పగించాలని ఒప్పందంలో రాయించండి. అలాగే యుద్ధకాలపు విమానాల గడియారాల్లో, సూచికల్లో చీకట్లో వెలగడానికి రేడియం పూత వాడేవారు. ఆ పూతకు వెలుగు పోయినా రేడియోధార్మికత పోదు. పిల్లలను కాక్‌పిట్‌లోకి పంపే ముందు అణుశక్తి నియంత్రణ మండలి సూచనల ప్రకారం వాటిని పరీక్షించి, అవసరమైతే తీసి వేరే చోట భద్రపరచి, వాటి స్థానంలో నకళ్లు పెట్టాలి.

ఆక్షేపణలు ఉంటాయని నాకు తెలుసు. తాగునీటికి, బడులకు డబ్బు చాలని రోజుల్లో తెల్లదొరల యుద్ధపు విమానం మనకెందుకని అడిగేవారున్నారు. ఖర్చు గురించి వారన్నదాన్ని కొట్టిపారేయను. అందుకే ఎగిరే విమానం కోరలేదు, అందుకే షెడ్డు అంచనా ముందు వేయమంటున్నాను. దాత ముందుకొస్తే మరీ మంచిది, దాత పేరు విమానం ఒంటి మీద కాకుండా గోడ మీద రాయించేట్లయితే. కానీ తెల్లదొరల యుద్ధమన్న మాట సగమే నిజం. బెంగాల్‌లో 1943 కరువుకు లక్షల మంది చనిపోతున్నప్పుడు రవాణా సాధనాలకు సైన్యం అవసరాలే ముందు వరుసలో నిలిచాయన్నది మరవకూడని నిజం. ఆ యుద్ధంలో నడిచిన కాళ్లు, మోసిన భుజాలు, అస్సాంలో రన్‌వేలు వేసిన చేతులు మనవన్నదీ అంతే నిజం. రెండూ ఒకే గదిలో, ఒకే విమానం పక్కన చెప్పగలిగితే ఆక్షేపించేవారి ప్రశ్నకు కూడా అక్కడే చోటు దొరుకుతుంది.

అయితే ఆ గదిలో చెప్పడానికి సామగ్రి మన దగ్గర ఇప్పుడు చాలినంత లేదు, అది చేర్చుకోవడానికి కాలం కూడా ఎక్కువ లేదు. 1942లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు తొంభై దాటారు. గన్నవరం చుట్టుపక్కల ఊళ్లలో యుద్ధకాలపు విమానస్థావరాన్ని చూసినవారు, అక్కడ మట్టి మోసినవారి కొడుకులు, కూతుళ్లు, బర్మా నుంచి నడిచి వచ్చిన కుటుంబాలవారు ఎందరు మిగిలారో వెతికి, వారి మాటలు రికార్డు చేయించే పని విమానం కొనేదాకా ఆగకూడదు. ఆ స్థావరానికి నేల ఎవరి దగ్గర తీసుకున్నారో, ఎంత పరిహారం ఇచ్చారో తెలిపే రెవెన్యూ కాగితాలు ఉంటే మచిలీపట్నం కలెక్టరేట్ పాత దస్త్రాల్లోనో, మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులున్న చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనో ఉండాలి. చరిత్ర విద్యార్థులను ఇద్దరు ముగ్గురిని ఈ పనికి నియమించడానికి అయ్యే ఖర్చు విమానం తోక చక్రానికయ్యే ఖర్చంత కూడా ఉండదు. విమానం ఎప్పటికీ రాకపోయినా ఈ పని వృథా పోదు కనుక దీన్ని ముందు మొదలుపెట్టమని కోరుతున్నాను.

విమానం వచ్చాక దాన్ని చూసుకునే మనిషి గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. టికెట్లు చింపే ఉద్యోగిని, రాత్రి కాపలాదారును నియమించి చేతులు దులుపుకుంటే సరిపోదు. వాయుసేనలో మరమ్మతు విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన సాంకేతిక నిపుణులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారిలో ఒకరిని సంరక్షకుడిగా పెట్టి, ఏడాదికొకసారి పూర్తి తనిఖీ నివేదిక ప్రజలకు అందుబాటులో ఉంచాలని నియమం చేయండి. లోపలికి ఎక్కడానికి మెట్లు, ఏటవాలు నేల మీద పట్టుకోవడానికి కడ్డీలు, చక్రాల కుర్చీలో వచ్చేవారు తలుపు దగ్గరి నుంచే లోపల చూడగల ఎత్తైన వేదిక షెడ్డు నమూనాలోనే ఉండాలి. తర్వాత అతికించే పని పెట్టుకోవద్దు.

కనుక మీ శాఖ నుంచి నేను ఆశించే మొదటి ఉత్తర్వు విమానం కొనుగోలుకు సంబంధించినది కాదు. గన్నవరం పరిసరాల్లో వరద మట్టం చూసుకుని స్థలం గుర్తించడానికి, షెడ్డు అంచనా వేయడానికి, మౌఖిక చరిత్ర సేకరణ మొదలుపెట్టడానికి ఒక చిన్న సంఘం వేయండి; అందులో వాయుసేన ప్రతినిధి ఒకరు, సంరక్షణ నిపుణులు ఒకరు, బర్మా కాందిశీకుల కుటుంబం నుంచి ఒకరు తప్పక ఉండేలా చూడండి. ఆ సంఘం నివేదిక బహిరంగంగా వెలువడి, షెడ్డుకు నిధులు మంజూరయ్యేదాకా విమానం కోసం టెండర్ పిలవవద్దని, ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా అందాకా తీసుకోవద్దని మనవి.

భవదీయుడు,
విజయవాడ పౌరుడొకరు